కంప్యూటర్ కరెంటు: పని గంటల కన్నా ఖాళీ గంటలకే ఎక్కువ బిల్లు

సూరత్‌కు ఉత్తరాన, తాపీ నది దాటాక అహ్మదాబాద్ రైలు మార్గంలో కోసాడ్ వస్తుంది. చుట్టూ బట్టల వ్యాపారంతో బతికే ప్రాంతం. ఎంబ్రాయిడరీ డిజైన్లు, చీరల ఫొటోలు, జీఎస్టీ లెక్కలు వంటి పనులకు ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంటే చాలు. మరమగ్గాల పనికి తెలంగాణ జిల్లాల నుంచి సూరత్ వెళ్లి తరాలుగా స్థిరపడిన కుటుంబాల్లోనూ ఇలాంటి పనులు చేసేవాళ్లున్నారు. వేసవిలో బిల్లు పెరిగితే అందరూ ముందు ఏసీని, ఫ్రిజ్‌ను అనుమానిస్తారు. రాత్రంతా ఆన్‌లో ఉన్న కంప్యూటర్ ఎవరికీ గుర్తురాదు.

ఎంత ఖర్చవుతుంది?

మామూలు డెస్క్‌టాప్ సీపీయూ తేలికపాటి పనికి సుమారు 60 వాట్లు, 22 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ 20 వాట్లు తీసుకుంటాయి. రెండూ కలిపి 80. పాత సీలింగ్ ఫ్యాన్ కన్నా కాస్త ఎక్కువ. ల్యాప్‌టాప్‌కైతే స్క్రీన్‌తో కలిపి 15 నుంచి 30 వాట్లు సరిపోతాయి.

పని ముగిశాక డెస్క్‌టాప్‌ను రోజూ 10 గంటలు అలాగే వదిలేస్తే 0.8 యూనిట్, నెలకు 24 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు అనుకుంటే 168 రూపాయలు, ఏడాదికి 2 వేల పైమాటే. బిల్లులో ఇంధన సర్‌చార్జి, ఎలక్ట్రిసిటీ డ్యూటీ కూడా కలుస్తాయి కాబట్టి స్లాబ్ ధర ఒక్కదాన్నే చూసి లెక్కేస్తే తక్కువ కనిపిస్తుంది. అదే కంప్యూటర్‌ను స్లీప్‌లో పెడితే మానిటర్‌తో కలిపి 3 వాట్ల లోపే. 24 యూనిట్ల ఖర్చు ఒక యూనిట్‌కు దిగుతుంది.

తెలంగాణలో ఈ తేడా మరో రకంగా తగులుతుంది. 2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల వరకు అర్హులకు సున్నా బిల్లు వస్తుంది. అది దాటితే మొత్తం బిల్లు కట్టాలి. 190 దగ్గర ఆగాల్సిన ఇంటిని ఈ 24 యూనిట్లే గీత దాటించగలవు.

స్క్రీన్‌సేవర్ ఆదా చేయదు

స్క్రీన్‌సేవర్ పాత సీఆర్‌టీ మానిటర్ల కాలం నాటిది. ఒకే బొమ్మ గంటల తరబడి నిలిచి తెరపై మచ్చ పడకుండా పెట్టారు. కరెంటుతో దానికి సంబంధం లేదు, తెర వెలుగుతూనే ఉంటుంది. అమెరికా పర్యావరణ సంస్థ 1992లో ఎనర్జీ స్టార్ గుర్తును తెచ్చినప్పుడు మొదట ఇచ్చింది కంప్యూటర్లకు, మానిటర్లకే. వాడనప్పుడు వాటంతట అవే నిద్రలోకి వెళ్లాలన్నదే అప్పటి ఆలోచన. ఆ సదుపాయం ఇప్పుడు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంది. చాలా ఇళ్లలో దాన్ని ఆపేసి ఉంచుతారు, అంతే.

విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అనే వరుసలో వెళ్తే రెండు గడువులు కనిపిస్తాయి. తెర ఆగడానికి 5 నిమిషాలు, స్లీప్‌కు 15 నిమిషాలు పెడితే చాలు. స్లీప్‌లో ఉండగా కరెంటు పోతే సేవ్ చేయని పని పోతుంది. రాత్రికి హైబర్నేట్ పెడితే పని డిస్క్‌లో భద్రంగా ఉంటుంది. రోజూ ఆపి ఆన్ చేస్తే కంప్యూటర్ పాడవుతుందన్న భయం ఇప్పటి యంత్రాల విషయంలో అక్కర్లేదు.

డార్క్ మోడ్ గురించి కూడా ఒక మాట. ఓఎల్‌ఈడీ తెరల్లో అది నిజంగానే ఆదా చేస్తుంది. మామూలు ఎల్‌ఈడీ మానిటర్‌లో తెర నల్లగా ఉన్నా వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఫలితం నామమాత్రం. అక్కడ తగ్గించాల్సింది బ్రైట్‌నెస్‌నే. కొత్త మానిటర్లు చాలావరకు గదికి అవసరమైన దానికన్నా ఎక్కువ వెలుతురుతో వస్తాయి.

కొనేటప్పుడు

బీఈఈ స్టార్ లేబుల్ పథకం ల్యాప్‌టాప్‌లకు ఉంది. విడిభాగాలతో బిగించిన డెస్క్‌టాప్‌కు అలాంటి లేబుల్ ఉండదు. అప్పుడు చూడాల్సింది ఎస్‌ఎంపీఎస్‌పై '80 ప్లస్' గుర్తు. చవక ఎస్‌ఎంపీఎస్ తీసుకున్న కరెంటులో గణనీయమైన భాగాన్ని వేడిగా వదిలేస్తుంది. డిజైన్లు, లెక్కల పనికి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు అమర్చిన పాత యంత్రం కొంటే కొన్నప్పుడు మిగిలింది బిల్లులో పోతుంది.

ఇంట్లోనే కొలవొచ్చు

ఎలక్ట్రానిక్ మీటర్‌పై చిన్న ఎర్ర దీపం మిణుకుతుంటుంది. పక్కనే యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది, ఉదాహరణకు 3200. ఫ్రిజ్ సహా అన్నీ కాసేపు ఆపి కంప్యూటర్ ఒక్కటే ఉంచి 10 నిమిషాలు లెక్కపెట్టాలి. 3200 మీటర్‌లో 43 మిణుకులు వస్తే 80 వాట్లు. స్లీప్‌లో పెట్టి మళ్లీ లెక్కపెడితే ఒకటో రెండో వస్తాయి. అంతకు మించి వస్తుంటే యూపీఎస్, స్పీకర్లు, ప్రింటర్ ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఇంకా ఆన్‌లో ఉన్నాయేమో చూడాలి.