రాకుమారుడు సరే, మాంత్రికుడు ఏమయ్యాడు?

శంషాబాద్ పక్కన కొత్వాల్‌గూడలో మా చిన్నాయన వాళ్ల ఇంట్లో, ఇనప బీరువా పై అరలో ఒక పుస్తకం ఉంది. ఖాకీ అట్ట, పురికొస కుట్టు. అట్ట మీద పేరు లేదు, లోపల రచయిత పేరూ లేదు. నెలనెలా చందమామలోంచి సీరియల్ పేజీలు మాత్రం చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టిన పుస్తకమది. సీరియల్ పేరు ‘మాయా సరోవరం’. భాగం ముగిసిన పేజీ తిప్పితే వెనకవైపు వేరే కథ మొదలవుతుంది. ఒక బ్రాహ్మడు ఊరు దాటి అడవిలోకి వెళ్తాడు, అంతే, అక్కడ తెగిపోతుంది. తరవాతి పేజీ మళ్లీ సరోవరమే.

“అవి గూడ సదివెటోళ్లం. సగమే ఉండె. తతిమ్మ సగం మేమే అల్లుకున్నం” అంటాడు చిన్నాయన.

ఆ పుస్తకంలో నన్ను కట్టిపడేసింది కథ కాదు, అంచులు. పెన్సిల్‌తో రాసిన మాటలు, గీతలు, చుక్కలు. చిన్నాయన, ఆయన అన్న, వాళ్ల దగ్గర పుస్తకం అరువు తీసుకున్న పిల్లలు, ఎవరికి తోచింది వాళ్లు రాసిపెట్టారు. కథానాయకుడు జయశీలుడు. అందగాడు, కత్తి పట్టాడంటే తిరుగులేదు. అయినా ఆయన పేరు పక్కన ఒక్క గీతా లేదు. ఆయన వెంట తిరిగే సిద్ధసాధకుడు కనపడ్డ ప్రతిచోటా ఒక చుక్క ఉంది. ఒకచోట చుక్కకు బదులు “ఈయనొస్తెనే మజా” అని ఉంది. ఈ చేతిరాత ఎవరిదో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

పిల్లల అభిప్రాయమే కదా అని కొట్టిపారేయడానికి లేదు. చందమామ సీరియళ్లు చదివి పెరిగిన వాళ్లను ఎవర్నైనా కదిలించండి. రాకుమారుల పేర్లు తడబడతాయి. చతుర్నేత్రుడు, ఏకాక్షి, బ్రహ్మదండి మాంత్రికుడు, రాక్షసుడు ఉగ్రాక్షుడు మాత్రం తడుముకోకుండా వచ్చేస్తారు.

చందమామ మొదటి సంచిక 1947 జూలైలో వచ్చింది, వెల ఆరణాలు. నాగిరెడ్డి, చక్రపాణి పెట్టిన పత్రిక. 1952 నుంచి సంపాదకత్వం కొడవటిగంటి కుటుంబరావుగారిది. ఆ రోజుల్లోనే ఉద్యోగంలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’ మొదలుపెట్టారు. కుండలినీ ద్వీపం, ఆకాశంలో అరిష్టంగా తోకచుక్క, ఓడలెక్కి బయల్దేరిన సేనాని సమరసేనుడు, తీరా చేరింది మంత్రాల దీవికి. అక్కడ ఒకళ్లంటే ఒకళ్లకు పడని ఇద్దరు మాంత్రికులు. కాశీమజిలీ కథలు విన్న చెవులకు మాంత్రికులు కొత్త కాదు. నెలకొకసారి, సరిగ్గా ప్రాణం పోయే చోట కథ ఆపేసి, మళ్లీ నెలదాకా ఎదురుచూడమనడం మాత్రం కొత్త. రైడర్ హాగార్డ్ సాహస నవలలు చదివినవాళ్లకు ఆ ఊపు ఎక్కడిదో పోల్చుకోవడం కష్టం కాదు గానీ, మాటలూ మనుషులూ మాత్రం అచ్చంగా మనవాళ్లే.

‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ప్రతి భాగానికీ చిత్ర బొమ్మలు. చిత్ర అంటే టి.వి. రాఘవన్, ఏ గురువు దగ్గరా బొమ్మలు నేర్వని మనిషి. పాఠకుడు కథ చదవకముందే ఆయన బొమ్మ చూసేస్తాడు. ఉగ్రాక్షుడి మీద మనకున్న ఇష్టంలో సగం వాటా ఆ కుంచెదే అని నా నమ్మకం. కోరలున్నాయి, కొమ్ములున్నాయి, అయినా ఆ ముఖంలో ఎక్కడో మన ఊరి పెద్దమనిషి పోలిక. ఇంతా చేసి ఉగ్రాక్షుడు కథలో నాయకుడు చిత్రసేనుడికి స్నేహితుడవుతాడు. రాక్షసుడంటే చంపాల్సినవాడేనన్న లెక్క అక్కడే తప్పింది.

ఇక్కడో ముచ్చట. ఈ అద్భుత సీరియళ్లు చక్రపాణిగారికి అంతగా రుచించేవి కావని చందమామ వాళ్ల జ్ఞాపకాల్లో నిలిచిన మాట. 1951లో ‘పాతాళభైరవి’ తీసి, ఎస్వీ రంగారావు చేత నేపాళ మాంత్రికుడి వేషం వేయించిన సంస్థ ఆయనదే! సినిమాలో ముద్దొచ్చిన మాంత్రికుడు పత్రికలో ఎందుకు చేదయ్యాడో గానీ, శరత్ నవలలను బెంగాలీ నుంచి తెలుగు చేసిన చెయ్యి కదా, ‘రాకాసిలోయ’ తరవాత 1960ల నడుమ ఆ పేజీలకు బంకించంద్రుడి ‘దుర్గేశనందిని’ వచ్చింది. గొప్ప నవలే, కాదనను. కానీ పాఠకుడు రాకాసి కోసం పేజీ తిప్పితే రాజపుత్రుల ప్రేమకథ ఎదురైంది. ఆదరణ తగ్గిందనీ, దాంతో దాసరివారికి మళ్లీ కబురు వెళ్లిందనీ చెప్పుకుంటారు. 1966లో ‘పాతాళదుర్గం’ వచ్చింది. ఆ తరవాత ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’. 1976లో ‘మాయా సరోవరం’, 1978లో ‘భల్లూక మాంత్రికుడు’. మొత్తం పన్నెండు సీరియళ్లు.

పాఠకుల అభిప్రాయానికి తెలుగు పత్రికల్లో ఇంతకన్నా గట్టి రుజువు నాకు కనపడలేదు. విమర్శకులెవరూ ఈ సీరియళ్లను పట్టించుకున్న కాలం కాదది. పదేళ్ల పిల్లలకు పత్రిక కొనడం, మానడం తప్ప చెప్పుకునే దారి ఇంకోటి లేదు. కొనడం కూడా వాళ్ల చేతుల్లో లేదు. నాయనను సతాయించాలి.

కొత్వాల్‌గూడలో ఆ సతాయింపు ఎలా ఉండేదో చిన్నాయన చెప్తాడు. అప్పటికి శంషాబాద్ అంటే మామిడి తోటలూ, జొన్న చేలూ. నెల మొదట్లో నాయన పట్నం పోతే అఫ్జల్‌గంజ్‌లో దిగి సామాన్లు కట్టించుకుని, వాటి పైన చందమామ పెట్టుకుని వచ్చేవాడు. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, చందమామ భాష ఇంకొకటి. “ఆళ్లు ‘అయితే సరే, అలాగే కానివ్వు’ అంటుండ్రి. మాకు నవ్వొచ్చేది. మేం గూడ హిమాయత్‌సాగర్ కట్ట మీద గట్లనే మాట్లాడుకుంట ఆడుకున్నం” అని నవ్వుతాడు. మూసీ వరదల తరవాత ఈసీ నది మీద కట్టి 1927లో పూర్తి చేసిన ఆ జలాశయమే వీళ్ల మాయా సరోవరం. మంచెకు వేసిన కర్ర శూలం. జయశీలుడి వేషానికి మాత్రం ఎవడూ ముందుకు రాకపోయేది, చీటీలు వేసి అంటగట్టేవాళ్లట. ఊరి పేరులోనే కొత్వాలు ఉన్నాడు కాబట్టి నగర రక్షకుడి పాత్రకు కొదవ లేదు.

చిన్నమ్మ అభిప్రాయం వేరు. వంటింట్లోంచే అందుకుంది: “ఎత్తుకపోవుడు, ఇడిపించుకొచ్చుడు. రాజు బిడ్డ ఏమన్నదో ఒక్కపారన్న రాసిండా ఆయన?” నా దగ్గర జవాబు లేదు. పన్నెండు సీరియళ్లలో తనంతట తాను దారి వెతుక్కుని నడిచిన ఆడపిల్ల ఒక్కతీ నాకు గుర్తు రాలేదు. ‘కంచుకోట’లో కాపాలిని ఉంది గదా అన్నాను. “అది మంత్రగత్తె. మనిషి ఏది?” అంది. ఆ రచయితకు ఈ చూపు బొత్తిగా లేదనడానికీ లేదు. ‘శిథిలాలయం’లో నాయకుడు రాజుగారబ్బాయి కాదు, శిఖిముఖి అనే శబర యువకుడు. అడవి మనిషిని వేటగాడిగానో నౌకరుగానో నిలబెట్టడం రివాజైన కాలంలో అతని చేతికి కథ పగ్గాలిచ్చాడు. చిన్నమ్మ ఫిర్యాదు మాత్రం ఫిర్యాదుగానే ఉంటుంది.

ఇన్ని అభిప్రాయాలు పెట్టుకున్న పాఠకులకు రచయిత ఎవరో తెలియదు. చందమామ సీరియళ్ల మీద దాసరి సుబ్రహ్మణ్యం పేరు వేయలేదు. హిందీలో, తమిళంలో, ఇంకా ఎన్నో భాషల చందమామల్లో అవే కథలు చదివినవాళ్లకూ అంతే. అర్ధశతాబ్దానికి పైగా ఆ ఒక్క పత్రికలోనే పనిచేసి, మద్రాసులో ఒంటరిగా బతికిన మనిషి. ఆయనెవరో అభిమానులు కనిపెట్టి వెతుక్కుంటూ వచ్చేసరికి ముసలితనం వచ్చేసింది. 2010 జనవరిలో కన్నుమూశారు. చిన్నాయనకు ఆ పేరు నేనే చెప్పాను, మొన్న. కాసేపు ఏమీ అనలేదు. తరవాత ఖాకీ అట్ట తెరిచి, మొదటి పేజీ పైన ఖాళీ జాగాలో బాల్‌పెన్‌తో ఆ పేరు రాశాడు. చేతి వణుకుకు ‘హ్మ’ వత్తు కాస్త పక్కకు పోయింది.

మేం మాట్లాడుకుంటున్నంతసేపూ నెత్తి మీద విమానాలు వెళ్తూనే ఉన్నాయి. 2008లో విమానాశ్రయం మొదలైనప్పట్నుంచీ ఈ ఊళ్లో ఎవరూ తలెత్తి చూడరు. చిన్నాయన మనవడు ఫోన్‌లో హారీ పోటర్ చూస్తున్నాడు. వాడికి హారీ కన్నా స్నేప్ ఇష్టమట. ఎందుకురా అంటే భుజాలెగరేశాడు. చిన్నాయన మాత్రం నా వంక చూసి, చూశావా అన్నట్టు కళ్లెగరేశాడు.

చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. సీరియళ్లు ఇప్పుడు పుస్తకాలుగా దొరుకుతాయి, పాత సంచికలు ఆదివారాల్లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అప్పుడప్పుడు కనపడతాయి. కథ వాటిలో ఉంటుంది, పెన్సిల్ చుక్కలు ఉండవు. మీ అటక మీద కూడా ఇలా పురికొసతో కుట్టిన పుస్తకం ఉంటే చెదలు పట్టకముందే దించండి. అంచుల్లో ఎవరేం రాశారో ఫొటోలు తీసి పెట్టుకోండి. అట్ట మారుద్దామని మాత్రం బైండింగ్‌కు ఇవ్వకండి, వాళ్లు అంచులు కోసేస్తారు.