ఆంగ్లంలో అవధారణ: 'డూ' నడిచిన దారి

కాలేజీలో చదివే రోజుల్లో ఒక ఇంగ్లీషు వ్యాసంలో 'ఐ విల్ కమ్ టుమారో ఓన్లీ' అని రాశాను. 'రేపే వస్తాను' అన్నది నా మనసులోని మాట. మాస్టారు 'ఓన్లీ'ని ఎర్రసిరాతో కొట్టేసి, నొక్కి చెప్పాలంటే క్రియకు ముందు 'డూ' చేర్చాలని పక్కన రాశారు. 'విల్' ఉన్న వాక్యంలో 'డూ' పట్టదన్న సంగతి ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. పైగా 'డూ' నొక్కేది పని జరగడమన్న నిశ్చయాన్ని. 'రేపు' అన్న మాటను కాదు.

ఆ 'డూ'కి ఈ బలం పుట్టుకతో వచ్చింది కాదు. పదహారో శతాబ్దపు ఇంగ్లీషులో 'ఐ లవ్' అన్నా 'ఐ డూ లవ్' అన్నా చాలాచోట్ల ఒకటే. ఆనాటి గ్రంథాలలోని వాక్యాలను ఓపికగా లెక్కించిన స్వీడిష్ పండితుడు ఆల్వార్ ఎల్లెగార్డ్ (1953), నిశ్చయార్థక వాక్యాలలో ఈ వాడుక ఆ శతాబ్దం మధ్యభాగం దాటాక శిఖరానికి చేరి తరువాత తగ్గిపోయిందని చూపించాడు. ప్రశ్నలలో, వ్యతిరేక వాక్యాలలో మాత్రం పాతుకుపోయింది. 1611 నాటి జేమ్స్ రాజు బైబిలులో, పండు తిన్నానని ఆదాము ఒప్పుకునే వాక్యంలో 'డిడ్' ఉంది. నేటి పాఠకుడికి అది 'అవును, తిన్నాను!' అన్నంత గట్టిగా వినిపిస్తుంది. ఆనాటివాడికి వట్టి 'తిన్నాను'. 1711లో అలెగ్జాండర్ పోప్, పాదపూరణకు ఇలాంటి మాటలు దూర్చే కవులను ఎగతాళి చేస్తూ, ఆ చెప్పిన పాదంలోనే కావాలని ఒక 'డూ' దూర్చాడు. మన పద్యాల్లోని వ్యర్థపదాలు గుర్తుకు రాక మానవు.

మామూలు వాక్యాల నుంచి 'డూ' తప్పుకున్న కొద్దీ, అక్కడక్కడ మిగిలినది వినేవారి చెవికి తగలసాగింది. దాని బలమంతా అందులోనే ఉంది. వ్యాకర్తలు మాత్రం ఒక్క మాట మీద లేరు. జాన్ వాలిస్ 1653లోనే, లాటిన్‌లో రాసిన తన ఆంగ్ల వ్యాకరణంలో, దీనికి నొక్కి చెప్పే గుణం ఉందన్నాడు. నూరేళ్ల తరువాత శామ్యూల్ జాన్సన్ (1755) అవసరం లేని 'డూ'ను దోషమన్నాడు. రాబర్ట్ లౌత్ (1762) మళ్లీ అది బలాన్నిస్తుందన్నాడు. లౌత్ మాటే లిండ్లీ మర్రే వ్యాకరణం (1795) ద్వారా బళ్లలోకి పోయింది. మా మాస్టారి ఎర్రసిరా ఆ వరసలోదే.

'రేపే'కు ఇంగ్లీషులో దగ్గరగా వచ్చేది 'ఇట్ ఈజ్ టుమారో దట్...' అన్న చీలిక వాక్యం. దానికా పేరు పెట్టినవాడు డేనిష్ పండితుడు ఆటో యెస్పర్సన్. పాత ఇంగ్లీషులో విభక్తి ప్రత్యయాలు ఉండేవి కనుక పదాలను కొంత అటూ ఇటూ జరపవచ్చు. ప్రత్యయాలు రాలిపోయి పదక్రమం బిగుసుకున్నాక, వాక్యాన్ని చీల్చడం ఒక ఉపాయమైంది. మనకు రెండూ ఉన్నాయి: 'రేపే వస్తాను', 'వచ్చేది రేపే'.

అయితే ఇంగ్లీషువారు నోటితో నొక్కేది ప్రధానంగా ఊనికతో. 'టుమారో'ను గట్టిగా పలికితే చాలు. చిక్కేమిటంటే ఊనిక కాగితం మీద కనబడదు. వాలు అక్షరాలు కొంతవరకే ఆదుకుంటాయి. బైబిలులో అయితే వాలు అక్షరాలకు అర్థమే వేరు: మూలంలో లేకుండా అనువాదకులు చేర్చిన మాటలకు అది గుర్తు. ముసలి ప్రవక్త గాడిదకు జీను కట్టమంటే కొడుకులు 'హిమ్' జీను కట్టారని రాజుల గ్రంథంలో ఉంది. ఆ 'హిమ్' వాలు అక్షరాలలో ఉంటుంది. దాన్ని నొక్కి చదివితే జీను తండ్రి వీపు మీదికే వెళుతుంది. అది చర్చిలలో పాత హాస్యం.

పుస్తకం ద్వారా ఇంగ్లీషు నేర్చుకున్న మనకు ఆ ఊనిక చేరలేదు. ఇక మన చుట్టుపక్కల భాషలు చూడండి. బళ్లారి విద్యార్థి కన్నడంలో 'నాళెనే' అంటాడు, హోసూరు విద్యార్థి తమిళంలో 'నాళైక్కుత్తాన్' అంటాడు, సోలాపూరు పద్మశాలీల పిల్లవాడు మరాఠీలో 'ఉద్యాచ' అంటాడు. ఇంట్లో తెలుగులో 'రేపే'. ఎటు తిరిగినా మాట వెనక అంటుకునే ఒక చిన్న ముక్క! ఇంగ్లీషులో అలాంటిది కనబడక 'ఓన్లీ'ని తెచ్చి తగిలించారు. ఇంగ్లీషువాడికి అది 'రేపు మాత్రమే వస్తాను, ఎల్లుండి రాను' అన్నట్టు వినబడవచ్చు.

కనుక పరీక్ష కాగితాలు దిద్దేటప్పుడు నేనూ ఆ 'ఓన్లీ' కింద గీత గీస్తాను. పక్కన 'డూ' అని మాత్రం రాయను. 'టుమారో' కింద రెండో గీత గీసి, పైకి చదివి చూడమని రాస్తాను.