కార్ ఇన్సూరెన్స్: కారు నుజ్జునుజ్జయితే కంపెనీ ఎంత ఇస్తుంది? ఈ 75 శాతం లెక్క తెలియకపోతే నష్టమే!

రోడ్డు ప్రమాదంలో కారు తుక్కుతుక్కయినా, లోపల ఉన్నవాళ్లు ప్రాణాలతో బయటపడితే చాలని అందరూ అనుకుంటారు. అయితే నాలుగు రోజులు గడిచాక డబ్బు లెక్క ముందుకొస్తుంది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా, కొన్న ధర మొత్తం వస్తుందని చాలామంది ఓనర్ల నమ్మకం. కానీ కంపెనీ చూసేది కొన్న ధరను కాదు, పాలసీ మీద రాసి ఉన్న ఐడీవీని.

ఐడీవీ అంటే ఏంటి?

పాలసీ తీసుకునే రోజున కారుకు కట్టిన విలువే ఐడీవీ. ఆ మోడల్ ఎక్స్ షోరూమ్ ధరలోంచి కారు వయసును బట్టి తరుగు తీసేస్తారు. ఆరు నెలల లోపు కారుకు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం తరుగు ఉంటుంది. ఐదేళ్లు దాటిన కారుకు కంపెనీ, ఓనర్ మాట్లాడుకుని విలువ ఖరారు చేసుకోవాలి. రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఇందులో కలవవు.

75 శాతం దాటితే..

క్లెయిమ్ పెట్టాక సర్వేయర్ వచ్చి నష్టాన్ని అంచనా వేస్తారు. కారును తరలించే ఖర్చు, రిపేర్ ఖర్చు కలిపి ఐడీవీలో 75 శాతం దాటితే, బాగు చేయించడం దండగని లెక్క. దీన్నే కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్ అంటారు. అప్పుడు ఐడీవీ మొత్తం చెల్లించాలి. పాలసీ మధ్యలో ఉందని మళ్లీ తరుగు తీయకూడదు.

ఉదాహరణకు 10 లక్షల ఎక్స్ షోరూమ్ ధర ఉన్న కారు రెండేళ్లు దాటి మూడేళ్ల లోపు ఉంటే ఐడీవీ 7 లక్షలు. రిపేర్ అంచనా 5.25 లక్షలు దాటితే టోటల్ లాసే. 1500 సీసీ లోపు కారైతే ఓనర్ వాటాగా వెయ్యి రూపాయలు పోను, 6.99 లక్షలు వస్తాయి. పాడైన కారును ఓనరే ఉంచుకుంటానంటే దాని తుక్కు విలువను కూడా తగ్గిస్తారు.

లోన్ ఉంటే?

డబ్బు ముందుగా బ్యాంకుకే వెళ్తుంది. పై ఉదాహరణలో ఇంకా 7.5 లక్షల లోన్ బాకీ ఉంటే, కారు పోయినా 51 వేలు చేతి నుంచి కట్టాల్సిందే. కొత్త కారుకు రిటర్న్ టు ఇన్వాయిస్ అనే యాడ్ ఆన్ తీసుకుంటే ఇన్వాయిస్ ధరకు, ఐడీవీకి మధ్య తేడా కూడా వస్తుంది. ప్రీమియం తగ్గుతుందని రెన్యువల్ టైమ్‌లో ఐడీవీ బాగా తగ్గించుకుంటే, దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడే. ఇక థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత కారుకు పైసా కూడా రాదు.

ఆర్సీ సంగతి మరవొద్దు

కారు ఇక పనికిరాదని తేలితే 14 రోజుల్లోగా ఆర్టీవో ఆఫీసుకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 చెబుతోంది. ఆర్సీ రద్దు చేయించకుండా తుక్కు కింద ఇచ్చేస్తే, ఆ నంబర్, ఛాసిస్ ప్లేట్ దొంగ కార్లకు ఎక్కే ప్రమాదం ఉంది. అప్పుడు పోలీసులు వచ్చేది పాత ఓనర్ ఇంటికే.

అంచనా తక్కువ అనిపిస్తే?

సర్వేయర్ రిపోర్ట్ కాపీ అడిగి తీసుకోవాలి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్లొచ్చు. ఏపీ, తెలంగాణకు ఈ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. దీనికి ఫీజు ఉండదు, లాయర్ అవసరం లేదు.