నాపబండ, సైకిలు ట్యూబు, మా జేజినాయన రికార్డు ప్లేయరు

మా ఊరు శిరివెళ్ల. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే రోడ్డు మీద ఉంటుంది. అప్పట్లో 18వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 40. మా ఇల్లు రోడ్డుకి దగ్గర. లోడు లారీ పోతే వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి.

అలాంటి ఇంట్లో మా జేజినాయన ఘంటసాల రికార్డులు వేసుకునేవాడు. ప్లేయరు కింద ఒక నాపబండ, బండ కింద సగం గాలి కొట్టిన పాత సైకిలు ట్యూబు. నేను ఇంజినీరింగు రెండో ఏడు చదివే రోజుల్లో అదిచూసి నవ్వాను. "ఇదేం మూఢనమ్మకం జేజినాయనా?" అంటే, "నమ్మకం కాదురా, అది లేకపోతే ముల్లు ఎగురుతాది" అన్నాడు. అంతకుమించి వాదించలేదు.

ఆయన పోయాక ప్లేయరు హైదరాబాదు తెచ్చుకున్నా. బండ అక్కడే వదిలేశా. ట్యూబు నా చేత్తో నేనే చెత్తలో వేశా. తర్వాత కథ ఊహించే ఉంటారు. ఫ్లాట్‌లో ఎవరు గట్టిగా నడిచినా ముల్లు గంతులేసేది. ఒక నెల జీతంలో చెప్పుకోదగ్గ ముక్క పెట్టి ఐసొలేషన్ ప్లాట్‌ఫామ్ కొన్నా. ఏం తేడా లేదు. అప్పుడు గానీ ఈ విషయం చరిత్ర చదవాలనిపించలేదు (మనం మాన్యువల్ ఎప్పుడు చదువుతామో తెలుసు కదా!).

మొదట్లో ఈ సమస్యే లేదు. 1902లో గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేసిన కాలంలో గ్రామఫోను సూది బరువంతా గాడి మీదే పడేది. ఆంప్లిఫయరు లేదు, స్పీకరు లేదు. లారీ పోయినా సూది కదిలేది కాదు. 1948లో కొలంబియా కంపెనీ ఎల్పీ తెచ్చింది. గాడి సన్నబడింది, ముల్లు మీద బరువు కొన్ని గ్రాములకి దిగింది. 1950ల చివర్లో స్టీరియో వచ్చింది. మోనో గాడిలో ముల్లు అడ్డంగా మాత్రమే ఊగేది. స్టీరియోలో నిలువుగా కూడా ఊగాలి. నేల ఊగేది ఎక్కువగా నిలువుగానే! అంటే నాణ్యత పెరిగినకొద్దీ గడప దాటి వచ్చే అదురు కూడా పాటలో కలిసింది. దానికి తోడు స్పీకరు శబ్దం తిరిగి ముల్లులోకే వెళ్లి కూత మొదలయ్యేది.

దీనికి చక్కటి జవాబు చెప్పినవాడు అమెరికాలో అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టిన ఎడ్గర్ విల్చర్. 1961లో వచ్చిన ఆయన టర్న్‌టేబుల్‌లో పళ్లెం, ముల్లు పట్టుకునే చెయ్యి రెండూ ఒకే చట్రం మీద, ఆ చట్రం మూడు స్ప్రింగుల మీద. ఊగితే రెండూ కలిసి ఊగుతాయి, కాబట్టి ముల్లుకి తెలీదు. 1970ల్లో గ్లాస్గో నుంచి వచ్చిన లిన్ సోండెక్ కూడా ఈ దారిలోనిదే.

సూత్రం ఒక్కటే: మెత్తటి స్ప్రింగు మీద బరువు. బరువు పెట్టినప్పుడు స్ప్రింగు 1 సెంటీమీటరు కుంగితే దాని సహజ ఫ్రీక్వెన్సీ దాదాపు 5 హెర్ట్జ్. దానికి 1.4 రెట్లు, అంటే 7 హెర్ట్జ్ పైనున్న అదురునే అది తగ్గిస్తుంది. దానికి దగ్గర్లో ఉంటే తగ్గించకపోగా పెంచుతుంది. నేను కొన్నది బరువైన యంత్రాలకి తయారైన రబ్బరు. నా ప్లేయరు నాలుగు కిలోలు. రబ్బరు కుంగనే లేదు. అంటే నేను డబ్బిచ్చి కొన్నది ఒక గట్టి బల్ల. తప్పు సరుకుది కాదు, బరువు చూడకుండా కొన్న నాది.

ఇప్పుడు జేజినాయన బండ లెక్క చూడండి. 40 సెంటీమీటర్ల చదరం, 4 సెంటీమీటర్ల మందం, సున్నపురాయి. సుమారు 16 కిలోలు. ప్లేయరుతో కలిపి 20. బరువు అయిదు రెట్లయితే అదే స్ప్రింగు మీద ఫ్రీక్వెన్సీ సగంకన్నా తక్కువకి దిగుతుంది. బండ చేసే పని అదురుని ఆపడం కాదు, కింద ఉన్నదాన్ని కుంగేలా చేయడం. ఒట్టి బండ పెడితే లాభం లేదు, ఒట్టి ట్యూబు పెడితే ప్లేయరు తూలుతుంది.

అన్నట్టు ఈ బండలకి మన సీమలో కొదవ లేదు. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద నివేదికే రాశాడు. ఈ పొరలకి నార్జి, కోయిలకుంట్ల, నంద్యాల అని మన ఊళ్ల పేర్లే ఉన్నాయి. బేతంచెర్ల, బనగానపల్లె బండలు పరవని ఇల్లు మా వైపు అరుదు.

ఇక్కడో మాట. 1213 నాటి రామప్ప గుడి పునాదిలో ఇసుక నింపారు కాబట్టి ఇవన్నీ మనవాళ్లకి ముందే తెలుసంటూ ఫార్వర్డ్‌లు వస్తుంటాయి. ఆ ఇసుక పునాది నిజమే, గొప్పదే. ఇసుక రేణువుల రాపిడి అదురు శక్తిని తినేస్తుంది. కానీ అది స్ప్రింగు కాదు, దాని పని వేరు. గుడి లోపల కొన్నిచోట్ల నేల ఎగుడుదిగుడుగా ఉండటం వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. గొప్పతనం ఒప్పుకోవడానికి లెక్క తప్పు చెప్పక్కర్లేదు.

అలాగే, డాక్ కింద, ఆంప్లిఫయరు కింద వేలు పోసి ప్లాట్‌ఫామ్ కొనే మిత్రులకి: వాటిలో గాడీ లేదు, ముల్లూ లేదు. 1982లో వచ్చిన సీడీలోనే చిన్న తప్పుల్ని దిద్దుకునే రీడ్-సాలమన్ కోడ్ ఉంది. కళ్లకి గంతలు కట్టుకుని విని, తేడా చెప్పగలిగితే అప్పుడు కొనండి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లి బండ వెతికాను. అమ్మ దాన్ని బట్టలుతికే చోట వేసింది. కడిగి, బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చా. కండక్టరు లగేజీ టికెట్ కొట్టాడు. ఇక్కడ సైకిలు షాపులో పాత ట్యూబు అడిగితే అబ్బాయి ఊరికే ఇచ్చాడు.

ముల్లు ఎగరడం లేదు. చెప్పడానికి ఆయనే లేడు.