మైనపు గొట్టంలో మాట

గ్రామఫోను అంటే మనకు నల్లటి పళ్లెం, పెద్ద బూరా గుర్తుకొస్తాయి. దానికి అన్నగారు ఒకరున్నారు. పేరు ఫోనోగ్రాఫు. అందులో పళ్లెం ఉండదు, గొట్టం ఉంటుంది.

1877లో అమెరికాలో థామస్ ఎడిసన్ తిరిగే గొట్టానికి తగరపు రేకు చుట్టి, దాని మీద మాటను గీయించాడు. నాలుగుసార్లు వింటే రేకు పాడయ్యేది. 1880ల చివరికి మైనపు గొట్టాలు వచ్చాయి. బూరాలో మాట్లాడితే పలచని బిళ్ల అదురుతుంది. దాని సూది మైనంలో గాడి గీస్తుంది. అదే గాడిలో మళ్లీ సూదిని నడిపిస్తే మాట పలుకుతుంది. సుమారు నాలుగంగుళాల గొట్టంలో రెండు నిమిషాల పాట పట్టేది. అక్కర తీరాక మైనం చెక్కి మళ్లీ వాడుకునేవారు.

అసలు గొప్ప ఇందులో ఉంది: ఆ యంత్రం వినేది, వినిపించేది కూడా. 1890లోనే ఫ్యూక్స్ అనే పండితుడు అమెరికా ఆదివాసుల పాటలను దానిలో పట్టాడు. కలకత్తాలో హేమేంద్రమోహన్ బోస్ రవీంద్రుని గొంతును గొట్టాలకెక్కించాడు.

బెర్లినర్ 1887లో తెచ్చిన పళ్లేన్ని పుస్తకంలా వేల ప్రతులు అచ్చొత్తవచ్చు. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ పాడింది పళ్లెం కోసమే. పళ్లెం గెలిచింది. 1929లో ఎడిసన్ కంపెనీ గొట్టాల తయారీ మానేసింది. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, గొట్టం జమా, చెల్లింపు రెండూ ఉన్న ఖాతా. ఇంట్లో పళ్లెం చెల్లింపే. జమ చేసే హక్కు కంపెనీది.

ఆ కాలంలోనే మన పొరుగున పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుంటున్నారు. ఆయన యంత్రం ఆయన చెవే. చెవితో విని తెలుగు లిపిలో రాసుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి. మన గుణుపురం వైపు సవరలకూ అది ఆస్తే. మాట అలా నిలిచింది. కాని రాగం కాగితానికెక్కదు.

ఆ సంగతి నాకు స్వయంగా తెలిసింది. కుందురలో మా బంధువుల ఇంట ఒక మామ్మ దంపుళ్ల పాటలు పాడేది. "ఏటి బాబూ, ఇవి కూడా రాస్తారేటి?" అని నవ్వేది. డైరీలో రాసుకున్నాను. మాటలున్నాయి, వరస పోయింది. అప్పటికి మా ఇంట్లో టేపురికార్డరు ఉంది. ఎర్ర మీటా ఉంది. దానిలో సినిమా పాటలు విన్నానే గాని, ఆ మీట నొక్కాలన్న ఆలోచన రాలేదు. తప్పు యంత్రానిది కాదు, నాది.

1936లో మన కోరాపుట్ ప్రాంతం ఒరిస్సాలో కలిసింది. మన పిల్లల్లో చాలామంది బడిలో ఒడియా చదువుతారు. తెలుగు వాళ్లకు చెవి ద్వారానే అందాలి. ఇవాళ జేబులో ఉన్న ఫోను మళ్లీ ఆ పాత గొట్టం లాంటిదే: వింటుంది, వినిపిస్తుంది. పాత గొట్టాల్లో పాటకు ముందు దాని పేరు, పాడేవారి పేరు చెప్పేవారు. మీరూ మనిషి పేరు, ఊరు, సంవత్సరం చెప్పి మీట నొక్కండి. ఇంట్లో మామ్మ ఉంటే ఈ ఆదివారమే.