చలనచిత్ర మీమాంస

కావ్యమును చదువుట వేఱు, కావ్యమీమాంస చేయుట వేఱు. మన పూర్వులు రెండవదానిని మొదటిదానికంటె తక్కువగా నెంచలేదు. ధర్మశాస్త్రములు నటులను చిన్నచూపు చూచిన కాలమున సయితము నాట్యశాస్త్రము పండితులకు పఠనీయమై యుండెను. చలనచిత్రమునకు మాత్రము ఆ గౌరవము ఆలస్యముగా లభించినది. 1895 డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరమున లూమియేర్ సోదరులు రుసుము గైకొని ప్రజలకు తమ చిత్రములను చూపిరి. 1896 జూలై 7వ తేదీన అవి బొంబాయికి వచ్చినవి. ఇంత వేగముగా లోకమును చుట్టిన కళ విశ్వవిద్యాలయములలో స్వతంత్రశాస్త్రముగా నిలదొక్కుకొనుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది. నేటికిని మన యిండ్లలో బాలుడు గాని బాలిక గాని “సినిమాను గూర్చి చదివెదను” అనినచో తలిదండ్రులు నవ్వుదురు, లేదా కోపింతురు. ఆ చదువు ఎట్టిదో తెలిసికొనిన పిమ్మట నవ్వుట న్యాయము. కనుక ముందుగా దాని చరిత్రను చూతము.

ఈ కళను గంభీరముగా విచారించిన తొలి యాచార్యులలో హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ ముఖ్యుడు. జర్మనీలో జన్మించి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున మనస్తత్త్వశాస్త్రమును బోధించినవాడు. తనవంటి యాచార్యుడు సినిమాశాలలో కనబడుట గౌరవహాని యని ఆయనయు చాలకాలము తలచెను. చూచిన పిమ్మట ఊరకుండలేక 1916లో ‘ఫొటోప్లే’ యను గ్రంథమును ప్రకటించెను. తెరపై ఒక చేయి మాత్రమే పెద్దదై కనబడినప్పుడు మన యవధానము చేయు పనిని యంత్రము చేయుచున్నది. కథ వెనుకకు మరలి గతమును చూపినప్పుడు స్మృతి చేయు పనిని చేయుచున్నది. చలనచిత్రము బాహ్యప్రపంచమునకు నకలు కాదనియు, మనోవ్యాపారములకు రూపమనియు ఆయన వాదము. ఆ సంవత్సరమే ఆయన మరణించెను. మఱుగుపడిన ఆ గ్రంథము 1970లో పునర్ముద్రితమైన పిమ్మట మరల పండితుల దృష్టికి వచ్చెను.

ఇక రష్యాకు పోదము. 1919లో మాస్కోలో చలనచిత్ర పాఠశాల వెలసెను. విప్లవానంతరపు దారిద్ర్యముచే ముడిఫిల్మునకు కఱవు. లెవ్ కులెషోవ్ అను యువోపాధ్యాయుడు శిష్యులతో గూడి పాత చిత్రముల ఖండములను విడదీసి, మరల కూర్చి పరీక్షింపసాగెను. ఒక నటుని నిర్వికారమైన ముఖమును తీసికొని, దాని ప్రక్కన ఒకమారు సూపుగిన్నెను, ఒకమారు శవపేటికలోని స్త్రీని, ఒకమారు ఆడుకొను బాలికను చేర్చిరి. ప్రేక్షకులు ఆ ముఖమున ఒక్కొక్కమారు ఒక్కొక్క భావమును చూచి నటుని మెచ్చుకొనిరని శిష్యుడగు పుదోవ్కిన్ వ్రాసెను. ముఖము మాఱలేదు, దాని పొరుగు మాఱినది. 1925లో ‘యుద్ధనౌక పొటెంకిన్’ తీసిన ఐసెన్‌స్టెయిన్ ఈ విచారమును ఇంకను ముందుకు నడపెను. చిత్రలిపిలో కుక్క గుర్తును నోటి గుర్తును చేర్చిన ‘మొఱుగుట’ యగును. అట్లే రెండు దృశ్యములు ఢీకొన్నప్పుడు రెండింటను లేని మూడవ భావము పుట్టునని ఆయన 1929లో వాదించెను.

అలంకారశాస్త్రము చదివిన మనకు ఈ మాట వింత కాదు. వాచ్యమున లేని యర్థము సహృదయుని మనస్సున స్ఫురించుటను ఆనందవర్ధనుడు ధ్వని యనెను. రెండు సిద్ధాంతములును ఒకటే యనరాదు గాని, అర్థము ఎక్కడ పుట్టుచున్నదను ప్రశ్న రెండింటికిని సమానము. అందు అపాయమును గలదు. కూర్పుచే లేని భావమును కల్పింపవచ్చునన్నచో, లేని నేరమును, లేని వీరత్వమును గూడ కల్పింపవచ్చును. జర్మనీలో నాజీలు అధికారమునకు వచ్చిన 1933లో దేశము విడిచిన క్రాకవర్ అను విద్వాంసుడు, 1947లో అమెరికాలో ఒక గ్రంథము ప్రకటించెను. జర్మను చిత్రములను వరుసగా పరీక్షించి, హిట్లరునకు లొంగిన జాతి మనఃస్థితిని వాటిలో చదువుటకు అందు యత్నించెను. ఆయన తీర్పులో అతివ్యాప్తి యున్నదని పలువురు ఆక్షేపించిరి; వినోదవస్తువు చరిత్రకు సాక్షి కాగలదను మార్గము మాత్రము నిలిచినది.

రష్యనుల కూర్పువాదమునకు ప్రతిపక్షము ఫ్రాన్సులో లేచినది. ఆంద్రె బజాన్ 1918లో జన్మించెను. ఉపాధ్యాయుడు కావలెనని చదివి, నత్తివలన మౌఖికపరీక్షలో తప్పెను. బడి దొరకని ఆ యుపాధ్యాయుడు చిత్రసంఘములలోను, కార్మికుల నడుమను చిత్రములు చూపి చర్చించుచు, 1951లో మిత్రులతో ‘కాయే ద్యు సినెమా’ పత్రికను స్థాపించెను. దృశ్యమును ముక్కలు చేసి ప్రేక్షకుని చేయిపట్టి నడిపింపరాదు. దీర్ఘముగా, లోతుగా చూపినచో ఏది చూడవలెనో అతడే యెన్నుకొనునని ఆయన మతము. 1948లో వచ్చిన ఇటలీ చిత్రము ‘బైసికిల్ థీవ్స్’ ఆయనకు ఇష్టోదాహరణము. నలుబదియేండ్లకే, 1958లో, ఆయన గతించెను.

ఇంతలో విద్యాపీఠముల ద్వారములు తెఱచుకొనసాగెను. 1948లో పారిస్ విశ్వవిద్యాలయమున చలనచిత్రవిద్యకు ప్రత్యేకసంస్థ యేర్పడెను. 1964లో క్రిస్టియన్ మెట్జ్, చలనచిత్రము భాషయగునా, దానికి వ్యాకరణము గలదా యని భాషాశాస్త్రరీతిని విచారించెను. 1975లో లారా మల్వీ అను ఆంగ్లవిదుషి ప్రకటించిన వ్యాసము మన గృహములకు మిక్కిలి ముఖ్యము. హాలీవుడ్ చిత్రములలో చూచువాడు పురుషుడు, చూడబడునది స్త్రీ యనియు, కెమేరా పురుషుని కంటిని అరువు తెచ్చుకొని, ఆ చూపునే ప్రేక్షకులందఱికిని ఇచ్చుచున్నదనియు ఆమె చూపెను. కథలో స్త్రీని పూజించుచునే చూపులో ఆమెను వస్తువుగా చేయవచ్చునని దీనివలన తేలుచున్నది.

మన దేశమున 1960లో పూనాలో ప్రభాత్ స్టూడియో స్థలమున ప్రభుత్వ శిక్షణసంస్థయు, 1964లో ఆ నగరముననే చిత్రభాండాగారమును వెలసెను. కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమున 1993లో చలనచిత్రాధ్యయన శాఖ యేర్పడెను. తెలుగువారికి ఈ చదువు పరాయిది కానక్కఱలేదు. 1938లో అస్పృశ్యతను ఖండించుచు ‘మాలపిల్ల’ వచ్చినది. అట్టి చిత్రమును గూర్చి మాటలాడునపుడు నీతి మంచిదా కాదా యనుటతో మనము ఆగుదుము. అందు ఎవరి ముఖము తెరపై ఎంతసేపు నిలిచినది, ఎవరి కంటితో మనము చూచితిమి అని ప్రశ్నింపము. సంస్కారమునకు కథ యొక్కటే చాలదు; చూపును సంస్కృతము కావలెను.

చలనచిత్రము నేడు అరచేతిలోని యంత్రమునకు వచ్చినది. దానిని ఇంటినుండి వెలివేయుట అసాధ్యము. వచ్చినదెల్ల మ్రింగుట అనర్థము. మిగిలినది పరీక్షించుట యొక్కటే. ఈ విద్య నేర్చిన విద్యార్థులందఱును చిత్రములు తీయకపోవచ్చును. ఏ దృశ్యము తమ్మెందుకు ఏడిపించినదో, ఎందుకు ద్వేషింపజేసినదో చెప్పగలవారు ప్రతి గ్రామమున కొందఱుండిన చాలును. కావున మీ యింట ఒక పిల్ల ఈ చదువు కోరినచో, జీతమెంత యని యడుగుటకు ముందు, నిన్న చూచిన చిత్రము మనల నెట్లు నమ్మించినదో చెప్పుమని యడుగుడు. ఆ యుత్తరము వినుటతో పెద్దలకును చదువు మొదలగును.