చదివింపు కోసం రాసిన సువార్త: గ్రీకు పఠనగ్రంథాల సాక్ష్యం

నూతన నిబంధన గ్రీకు చేతిరాత ప్రతులలో పాఠపరిష్కర్తల ఆదరణకు ఎక్కువగా దూరమైనవి పఠనగ్రంథాలు. ఆరాధనలో ఏ రోజు ఏ భాగం చదవాలో ఆ వరుసలోనే సువార్త భాగాలను కూర్చి రాసిన పుస్తకాన్ని పఠనగ్రంథమంటారు. ఇవి సుమారు 2,400 వరకు పట్టికలకెక్కినా, ముద్రిత గ్రీకు పాఠాల అధోజ్ఞాపికలలో వీటి సాక్ష్యం అరుదుగానే కనిపిస్తుంది. చాలావాటిలో ఉన్నది అర్వాచీనమైన బైజాంటియన్ పాఠమేనన్నది అందుకు చెప్పే కారణం. అది నిజమే కాని, పాఠం ఒక్కటే ప్రతి విలువను నిర్ణయించదు.

ఈ మాటను పరీక్షించదలచినవారికి నార్త్ కరొలైనాలోని క్యారీ అనువైన చోటు. అక్కడికి సుమారు 20 మైళ్ల దూరంలో, డర్హమ్‌లోని డ్యూక్ విశ్వవిద్యాలయపు రూబెన్‌స్టైన్ గ్రంథాలయంలో కెన్నెత్ విల్లిస్ క్లార్క్ పేరిట గ్రీకు ప్రతుల సేకరణ ఉంది. పఠనగ్రంథాల అధ్యయనానికి 1933లో కోల్వెల్, రిడిల్ పునాది వేసిన షికాగో విశ్వవిద్యాలయంలోనే చదువుకున్న క్లార్క్, అమెరికాలోని గ్రీకు నూతన నిబంధన ప్రతులకు వర్ణనాత్మక సూచిని 1937లో వెలువరించారు. 1950లో మైక్రోఫిల్ము తీసిన సీనాయి మఠపు ప్రతుల జాబితాను 1952లో ప్రకటించారు.

పఠనగ్రంథంలో సాధారణంగా రెండు భాగాలుంటాయి. ఈస్టరుతో మొదలై, ఏటా తేదీలు మారే పండుగలను అనుసరించేది సినాక్సరియన్. సెప్టెంబరు 1తో మొదలై, తేదీలు మారని పరిశుద్ధుల దినాలను అనుసరించేది మెనొలొజియన్. ఈస్టరు నుంచి పెంతెకొస్తు వరకు యోహాను సువార్త, ఆ తరువాత ప్రధానంగా మత్తయి, శరత్కాలం నుంచి లూకా, ఉపవాసకాలపు శని ఆదివారాలలో ఎక్కువగా మార్కు చదువుతారు. కథ మధ్యలోంచి ఎత్తుకున్న భాగం వినేవారికి అర్థం కావడానికి లేఖకుడు "ఆ కాలమందు" వంటి పలుకుబడిని ముందు చేర్చి, "ఆయన" అన్నచోట "యేసు" అని రాస్తాడు. దీన్ని పాఠం చెడిపోవడమని పరిష్కర్తలు తీసివేస్తారు. నిజానికి అది శ్రోతను దృష్టిలో పెట్టుకొని చేసిన సంపాదకత్వం.

అన్నిటికంటె ఆసక్తికరమైనది పెంతెకొస్తు నాటి పఠనం. యోహాను 7:37 నుంచి 52 వరకు నడిచిన ఈ పఠనం ఒక్కసారిగా 8:12కు దూకుతుంది. నడుమ ఉన్న, వ్యభిచారమందు పట్టుబడిన స్త్రీ కథ ఆ రోజు వినిపించదు. అందులోని 8:3-11 వచనాలు మెనొలొజియన్‌లో, అక్టోబరు 8న పెలాగియా దినం వంటి సందర్భాలలో చోటు చేసుకుంటాయి. ఈ కథ ప్రాచీన ప్రతులు కొన్నిటిలో లేకపోవడం ప్రసిద్ధమే. అయితే కథ ఉన్న ప్రతులలోనూ కొందరు లేఖకులు దాని పక్కన గుర్తులు పెట్టడానికి కారణం ప్రతిచోటా సందేహమేనా, కొన్నిచోట్ల చదివే పద్ధతా అన్నది పఠనగ్రంథాలను పక్కన పెట్టి తేల్చగల ప్రశ్న కాదు.

పఠనగ్రంథాలు అనేకం రెండు నిలువు వరుసలలో రాసి ఉంటాయి. వాటిలో చాలావాటిలో ఎర్రసిరాతో వేసిన ఎక్ఫొనెటిక్ గుర్తులు, అంటే గంభీర పఠనానికి దారి చూపే స్వరసూచికలు, తరచు పదబంధం మొదట ఒకటి, చివర ఒకటిగా జంటలై నిలుస్తాయి. యజుర్వేద ప్రతులలో అనుదాత్త స్వరితాల గీతలు అక్షరాన్ని పట్టుకొని ఉంటే, ఇక్కడి గుర్తులు వాక్యఖండాన్ని పట్టుకొని ఉంటాయి. వాటి అసలు స్వరరూపం నేటికీ వివాదాస్పదమే. వేదస్వరాలు నేర్చిన తెలుగువారు క్యారీ పరిసరాలలో ఉన్నారు, డ్యూక్ ప్రతులు చాలావరకు అంతర్జాలంలో ఉచితంగా లభిస్తున్నాయి, గ్రంథాలయపు పఠనమందిరం బయటివారికీ తెరిచే ఉంటుంది. కనుక ఈ రెండు పద్ధతులను పక్కపక్కన పెట్టి పరిశీలించే పనిని వారు చేపట్టాలి.